రాజమండ్రిలో నాలుగు రోజులు: గోదారి వేళను బట్టి ఊరు చూసే పద్ధతి

చాలామందికి రాజమండ్రి అంటే పాపికొండల బోటెక్కడానికి ముందు రాత్రి తల వాల్చే ఊరు. రైలు దిగుతారు, లాడ్జిలో పడుకుంటారు, తెల్లారకముందే టూరు బస్సెక్కేస్తారు. సాయంత్రం తిరిగొచ్చి రోజ్‌మిల్క్ తాగి మళ్లీ స్టేషన్‌కి పరిగెడతారు. నన్నయ భారతానికి శ్రీకారం చుట్టిన ఊరు, వీరేశలింగం వితంతు వివాహం జరిపించిన ఊరు, దామెర్ల రామారావు కుంచె పట్టిన ఊరు వాళ్ల కంట పడనే పడదు.

చూడాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని, ఒక ఆటో మాట్లాడుకుని వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతే ఈ ఊరు అందదు. గోదావరి ఏ వేళకు ఎలా ఉంటుందో చూసుకుని రోజును దాని చుట్టూ కట్టుకోవాలి. తెల్లవారుజామూ సాయంత్రమూ గట్టు మీద, ఎండ ముదిరాక మ్యూజియం, చిత్రశాల, గ్రంథాలయాల నీడన. ఊరి బయటి ప్రయాణాలకు రోజులు విడిగా పెట్టుకోండి. ఊళ్లో రెండు రోజులు, ధవళేశ్వరం, ఆత్రేయపురం వైపు ఒక రోజు, ఏజెన్సీ (మన్యం) కొండలకో పాపికొండలకో ఒక రోజు. నాలుగు రోజులు లేకపోతే కొండలు మానేయండి గానీ ఊళ్లో రెండు రోజులు తగ్గించకండి.

మొదట నెల తేల్చుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నీ కలిసొచ్చే కాలం. బోట్లు తిరుగుతాయి, కడియం నర్సరీలు పూలతో నిండి ఉంటాయి, మారేడుమిల్లిలో చలి వణికిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ప్రాణం తీస్తుంది. మామిడిపళ్లు, తాటిముంజలు తప్ప ఆ రెండు నెలలకూ వేరే సుగుణం లేదు.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు సంగతి వేరు. గోదారి ఎర్రబడి గట్టునిండా పారేది అప్పుడే, పులస దొరికేదీ అప్పుడే. కానీ వరద వస్తే బోట్లు ఆపేస్తారు, లోతట్టు రోడ్లు మునుగుతాయి. ఆ నెలల్లో వచ్చేటట్టయితే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో రోజూ చూసుకోండి, పేపర్లో వస్తుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చినా గట్టు మీద నిలబడి నదిని చూడొచ్చు. రెండోది వచ్చిందంటే ఊరు దాటే ప్రయాణాలు వాయిదా వేసుకోవడమే.

పండగలు ఇష్టమున్నవాళ్లు దసరాకి రండి. దేవీచౌక్‌లో నవరాత్రుల ఉత్సవాలు ఊరంతటి ఉత్సవాలు. శివరాత్రికైతే గోదావరి మధ్య లంకలో వీరభద్రుడి గుడి ఉన్న పట్టిసీమలో తిరనాళ్లు. 2027లో పుష్కరాలున్నాయి. పుణ్యస్నానానికి రావాలనుకుంటే ఆ పన్నెండు రోజుల్లో రండి. ఊరు చూడాలనుకుంటే మాత్రం ఆ రోజుల్లో రాకండి, గది దొరకదు, గట్టు కనపడదు.

రావడం, దిగడం

రైల్లో రావడమే మేలు. హైదరాబాదు వైపు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కొవ్వూరు వస్తుంది. కొవ్వూరు దాటగానే బెర్తు దిగి కిటికీ దగ్గరకు చేరండి. ఆ వెంటనే వంతెన. పొద్దున్నే పొగమంచులో లంకలు, నాటుపడవలు, అవతల గట్టు మీద గుడి గోపురాలు కనిపిస్తాయి. గోదావరిలో చిల్లర విసరాలనుకునేవాళ్లు ఏసీ బోగీలో ఉంటే ఆ ముచ్చట తీరదు.

దూరపు రైళ్లు రాజమండ్రి పెద్ద స్టేషన్లో ఆగుతాయి. గట్టుకి దగ్గరగా ఉండే గోదావరి స్టేషన్ ఇంకోటి ఉంది, దాన్నీ దీన్నీ కలగాపులగం చేసుకోకండి. విమానంలో వచ్చేవాళ్లు దిగేది మధురపూడిలో. అక్కణ్ణించి ఊళ్లోకి ఇరవై కిలోమీటర్ల లోపే. ఊరి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయ్యింది గానీ ఆటోవాళ్లకి రాజమండ్రే.

గది ఎక్కడ తీసుకోవాలన్నది చిన్న విషయం కాదు. మోరంపూడి, లాలాచెరువు వైపు హైవే మీద హోటళ్లు బాగుంటాయి, కారుకి చోటుంటుంది, కానీ గట్టుకి దూరం. పొద్దున్న అయిదింటికి నడిచి గోదారికి వెళ్లగలిగే దూరంలో గది తీసుకుంటేనే ఈ ప్రయాణానికి అర్థం. మెయిన్ రోడ్డు, కోటగుమ్మం, ఇన్నీసుపేట చుట్టుపక్కల వెతకండి. హంగులు కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఊళ్లో తిరగడానికి షేర్ ఆటోలు చాలు. ఊరు దాటే బస్సులకు మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి: పెద్ద ఊళ్లకు ఆర్టీసీ కాంప్లెక్స్, దగ్గరి ఊళ్లకు కోటిపల్లి బస్టాండు, రంపచోడవరం వైపుకి గోకవరం బస్టాండు.

మొదటి సాయంత్రం గట్టు మీదే

నాలుగున్నరకు గట్టు మీదకి చేరండి. పుష్కర ఘాట్ దగ్గర మొదలుపెట్టి నదిని ఒక పక్క పెట్టుకుని నెమ్మదిగా నడవండి. ముందు వంతెనలు చూడండి. ఇక్కడ వంద పైచిలుకు ఏళ్ల వంతెనల చరిత్ర ఒక్క చూపులో అందుతుంది. పాతది హేవ్‌లాక్ వంతెన. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి. రాతి స్తంభాల మీద 56 ఖానాల ఇనుప వంతెన. దాని పని అందుకున్నది పక్కనే ఉన్న కమాను వంతెన: 28 కాంక్రీటు విల్లులు, ఒక్కోటీ దాదాపు వంద మీటర్ల పొడుగు. రాజమండ్రి ఫొటో అంటే అందరూ తీసేది దీన్నే. మూడోది 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెన, కింద రైలు, పైన బస్సు, నాలుగు కిలోమీటర్ల పైమాటే. పాత హేవ్‌లాక్ వంతెనని పర్యాటక స్థలంగా మార్చే పనికి 2025లో శంకుస్థాపన చేశారు. కాబట్టి వంతెన పరిసరాల్లోకి ఎక్కడిదాకా వెళ్లనిస్తారో అప్పటికప్పుడు అడగాలి.

పొద్దు వాలేది అవతలి గట్టు మీద, అంటే కొవ్వూరు వైపు. అందుకే ఇక్కడ సూర్యాస్తమయం నీళ్ల మీద పడుతుంది. కమాను వంతెన మీద రైలు వెళ్తుంటే నీడలో ఒక్కో విల్లు కిందా బోగీలు కదులుతూ కనిపిస్తాయి, దానికోసం అయినా అరగంట కూర్చోవాలి. చీకటి పడ్డాక పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి. కాశీ హారతితో పోల్చుకుంటూ వస్తే చిన్నదిగా అనిపిస్తుంది. పోల్చకుండా మెట్ల మీద కూర్చోండి. కార్తీక మాసమైతే నీళ్ల మీద దీపాలు కూడా ఉంటాయి, జనం కూడా ఉంటారు.

తెల్లవారుజాము వేరే ఊరు

మర్నాడు అయిదున్నరకల్లా కోటిలింగాల రేవుకి వెళ్లండి. స్నానాలు చేసేవాళ్లు, పిండాలు పెట్టేవాళ్లు, పురోహితులు, వాకింగు షూలేసుకున్న రిటైరైన మాస్టార్లు అందరూ ఒకే గట్టు మీద కనిపిస్తారు. చేపల పడవలు తిరిగొచ్చే వేళ అదే. ఎదురుగా కనిపించే లంకల్లో మనుషులున్నారు. వంతెన స్తంభాలను ఆనుకుని పెరిగిన బ్రిడ్జిలంకలో జాలరి కుటుంబాలు ఉంటాయి, పెద్ద వరద వస్తే వాళ్లని ఊళ్లోకి తరలిస్తారు. నది అందం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతీ తెలిసి ఉండాలి.

గట్టు మీదే మార్కండేయస్వామి గుడి ఉంది, గౌతమీ ఘాట్ దగ్గర ఇస్కాన్ మందిరం ఉంది. గుళ్లకు ఈ వేళ మంచిది. స్నానం చేయదలిస్తే రేవు మెట్ల దగ్గరే చేయండి, ఇసుక తిన్నె కనిపించింది కదా అని లోపలికి వెళ్లకండి. ఇసుక తవ్విన చోట లోతు ఎంతుందో పైకి తెలీదు.

తిరిగొస్తూ టిఫిను. పెసరట్టు, ఉప్మా ఎక్కడైనా దొరుకుతాయి. మీరు వెతకాల్సింది దిబ్బరొట్టె. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మూకుడులో మందంగా పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాల్చేది. పైన కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. హడావిడిగా పెద్ద మంట మీద కాల్చినదైతే మధ్యలో పచ్చిగా ఉంటుంది, అలాంటి చోట మళ్లీ తినకండి.

ఎండ వేళకి సంస్కృతి

పదింటికి ఎండ ఎక్కుతుంది. అప్పుడు వంకాయలవారి వీధిలోని వీరేశలింగం గారి ఇంటికి వెళ్లండి. 1848లో ఈ ఊళ్లోనే పుట్టిన మనిషి. 1881 డిసెంబరు 11న ఆంధ్రదేశంలో మొదటి వితంతు వివాహం ఆయన జరిపించింది ఇక్కడే. బంధువులు వెలేశారు, వంటవాళ్లు రాలేదు, పెళ్లి మాత్రం జరిగింది. ఇంటిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు. పెద్ద భవనం కాదు. గదులు చిన్నవి, వీధి ఇరుకు. ఇంత చిన్న వీధిలో అంత గొడవ ఎలా పట్టిందో ఆ గుమ్మంలో నిలబడితేనే ఊహకు వస్తుంది. ఆయనే 1890లో కట్టించిన టౌన్‌హాలు కూడా ఊళ్లో ఉంది.

అక్కణ్ణించి దామెర్ల రామారావు చిత్రశాల. నా మాట వింటే ఊళ్లో అన్నింటికన్నా ఎక్కువసేపు ఉండాల్సిన చోటు ఇదే, అన్నింటికన్నా తక్కువ మంది వెళ్లేదీ ఇక్కడికే. 1897లో పుట్టి 1925లో మశూచితో ఇరవై ఎనిమిదో ఏట పోయాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి ఇక్కడే బొమ్మలు నేర్పాడు. గోడల మీద తైలవర్ణాలు, నీటిరంగులు, పెన్సిలు గీతలు ఉన్నాయి. పెద్ద బొమ్మలు చూసి బయటికి వచ్చేయకండి. స్కెచ్చుల దగ్గర ఆగండి. చీర కుచ్చెళ్లు, ఎద్దు మూపురం, నీళ్లు మోసే మనిషి నడుము వంపు ఒక్కో గీతలో పట్టుకున్నాడు. పొద్దున్న రేవులో మీరు చూసిన మనుషులే ఇక్కడ నూరేళ్ల కింద కనిపిస్తారు. అందుకే గట్టు తర్వాత ఇక్కడికి రమ్మంటున్నాను.

రాళ్లబండి సుబ్బారావు పేరుతో ఉన్న పురావస్తు మ్యూజియం గట్టుకు దగ్గర్లోనే. శిల్పాలు, నాణేలు చూసేవాళ్లకు గంట పట్టొచ్చు, మిగతావాళ్లకు ఇరవై నిమిషాలు. పాత పుస్తకాల మీద మమకారం ఉంటే గౌతమీ గ్రంథాలయం వదలొద్దు. 1898లో మొదలైన వసురాయ గ్రంథాలయం, ఆ తర్వాత రత్నకవి గ్రంథాలయం కలిసి ఇదయ్యింది, తాళపత్రాలు కూడా ఉన్నాయి. ఈ చోట్లన్నింటికీ వారపు సెలవులూ మధ్యాహ్నపు విరామాలూ వేర్వేరు. ముందురోజు సాయంత్రమే మీ లాడ్జిలోనో ఆటో స్టాండులోనో అడిగి పెట్టుకోండి, ఇంటర్నెట్‌లో ఉన్న వేళలు నమ్మకండి.

సాయంత్రం నాటకమో కచేరీయో ఉంటుందేమో ఆనం కళాకేంద్రం దగ్గర బోర్డు చూడండి. పద్యనాటకం పడిందంటే మీ అదృష్టం.

తిండి: ఏది ఎప్పుడు

మధ్యాహ్నం భోజనం మెస్సులో చేయండి. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, గడ్డ పెరుగు. కార్తీకంలో కంద బచ్చలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర పెట్టే చోటు దొరికితే రెండో పూటా అక్కడే తినండి. మాంసాహారులు కొరమీను ఇగురు, బొమ్మిడాయిల పులుసు అడగాలి. బిర్యానీ కోసం ఈ ఊరు రానక్కర్లేదు.

ఎండలో తిరిగి వచ్చాక రోజ్‌మిల్క్. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు వైపు పేరున్న దుకాణం ఎవర్ని అడిగినా చూపిస్తారు. చిక్కటి పాలు, చల్లగా, తీపి కాస్త ఎక్కువే. నిలబడి తాగి గ్లాసు ఇచ్చేయడమే అక్కడి పద్ధతి. సీసాలో పట్టించుకుని గదికి తీసుకెళ్తే ఆ రుచి ఉండదు.

సాయంత్రం గట్టు దగ్గర బళ్ల మీద టమాటా బజ్జీ, మిరపకాయ బజ్జీ, ముంత మసాలా. టమాటా బజ్జీని మధ్యకి చీల్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కూరి ఇస్తారు. ఒకటి తిని ఆగగలిగినవాళ్లని నేను చూడలేదు.

ఇక పులస. పుస్తెలు అమ్మైనా పులస తినాలని సామెత, ధర చూస్తే ఆ సామెత ఉత్తినే పుట్టలేదని తెలుస్తుంది, చేప వేలల్లో పలుకుతుంది. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. వరద నీరు సముద్రంలో కలిసినప్పుడు గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది, ఆ ఈతలోనే ఉప్పు వదిలి రుచి ఎక్కుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చిన చేపకి విలువ ఎక్కువ. కాబట్టి జనవరిలో పులస పులుసు అని బోర్డు పెట్టారంటే లోపలికి వెళ్లక్కర్లేదు. సీజన్లో కూడా ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలసని పులసగా అమ్మేవాళ్లు బోలెడు. తెలిసిన ఇంట్లో వండిస్తే మేలు, లేదంటే ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని హోటలుకి వెళ్లండి. మట్టిదాకలో, చింతపండు పులుసులో, బెండకాయలు వేసి, సన్న సెగ మీద. వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది. ముళ్లు మాత్రం విపరీతం. చిన్నపిల్లలకి పెట్టకండి, మాట్లాడుతూ తినకండి.

మూడో రోజు: ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం

పొద్దున్నే బయల్దేరండి. దిగువకి కొద్ది దూరంలోనే ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కొత్త బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ముందు కాటన్ మ్యూజియంలోకి వెళ్లి నమూనాలు చూసి, ఆ తర్వాత బ్యారేజీ ఎక్కండి. ఒకే నది ఇక్కడ చీలి గౌతమిగా, వశిష్ఠగా ఎలా వెళ్తుందో, మధ్యలో కోనసీమ ఎలా మొదలవుతుందో అప్పుడు బుర్రకెక్కుతుంది. గోదావరి స్నాన సంకల్పంలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు పేరు పంతుళ్లు ఎందుకు చదువుతారో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం. శనివారం మాత్రం ఈ దారిలో రాకండి. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే జనంతో రోడ్డు బిగుసుకుపోతుంది.

పూతరేకులు కొనడానికి పెద్ద దుకాణాలున్నాయి, కానీ చుట్టేచోటుకి కాదు, రేకు తీసేచోటుకి వెళ్లండి. అడిగితే చాలా ఇళ్లవాళ్లు చూడనిస్తారు. బోర్లించిన ప్రత్యేకమైన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, మజ్జిగ కన్నా పలచన. రేకు తీసే ఆమె రెండు చేతులా తెల్లగుడ్డ అంచులు పట్టుకుని, పిండిలో ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి జార్చి లాగుతుంది. గుడ్డ అవతలికి వెళ్లేలోపు రేకు తయారు, అంచు పట్టి లేపితే గాలికి ఊగుతుంది. చెయ్యి రవ్వంత ఆగినా రేకు మందమైపోతుంది, చిరుగుతుంది. మంట ముందు పొద్దంతా కూర్చుని చేసే పని ఇది, కాబట్టి ధర దగ్గర మరీ బేరాలు ఆడకండి. ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదారవీ బెల్లంవీ రెండూ ఉంటాయి. నా ఓటు బెల్లానికి, నెయ్యి దాని పక్కనే బాగా పలుకుతుంది.

దగ్గర్లోనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ముందు నుంచి విష్ణువు, వెనక్కి తిరిగొస్తే మోహిని, రెండూ ఒకే రాయి. అర్చకుడు దీపం పట్టుకుని జడ, గోళ్లు, కాలి అందెలు చూపిస్తాడు, తొందరపెట్టకండి.

తిరుగు ప్రయాణంలో టైముంటే కడియం, కడియపులంక నర్సరీలు. మొక్కలు కొనేవాళ్లు మధ్యాహ్నం తర్వాత వెళ్లినా ఫర్వాలేదు, పూల మార్కెట్టు చూడాలంటే మాత్రం తెల్లవారుజామునే వెళ్లాలి.

నాలుగో రోజు: బోటా, అడవా

రెండూ ఒకే రోజు కుదరవు.

పాపికొండలకు రాజమండ్రి టూరు ఏజెన్సీలు పొద్దున బస్సులో గండిపోచమ్మ గుడి వైపు తీసుకెళ్లి బోటెక్కిస్తాయి, టిఫిను, భోజనం బోటులోనే, రాత్రికి మళ్లీ ఊళ్లో దింపుతారు. కొండల మధ్య నది ఇరుకైన చోట చూపు తిప్పుకోలేరు. పేరంటాలపల్లి ఆశ్రమం దగ్గర కాసేపు దిగుతారు. బోటులో పెట్టే మైకు పాటలకి మాత్రం ముందే సిద్ధపడండి, పై డెక్కు మీద ముందు కుర్చీ దొరికితే కాస్త నయం. పోలవరం నీళ్లు పెరిగేకొద్దీ గట్టు మీది ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఆ మొండిగోడలు కూడా దారిలో కనబడతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగి పదుల మంది చనిపోయారు. అందుకే మూడు నియమాలు: వరద రోజుల్లో ఎవరు రమ్మన్నా ఎక్కొద్దు, లైఫ్ జాకెట్ బకిల్సు బిగించాకే బోటు కదలనివ్వండి, అనుమతి ఉన్న బోటేనా అని టికెట్టు కొనేముందే అడగండి.

అడవి ఇష్టమైతే గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. ఎనభై కిలోమీటర్ల పైన. రంపచోడవరం దగ్గర రంప జలపాతం, మారేడుమిల్లి దాటాక జలతరంగిణి, అమృతధార. జలపాతాలకు అక్టోబరు, నవంబరు మంచివి, వేసవిలో వెళ్తే రాళ్లే చూస్తారు. దారిలో బొంగులో చికెన్: మసాలా పట్టించిన కోడిమాంసం పచ్చి వెదురు బొంగులో కూరి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె లేదు, నీళ్లు లేవు, వెదురు తేమే ఉడికిస్తుంది. అప్పటికప్పుడు కాల్చినదే తినండి, అరగంట ఆగాల్సొస్తే ఆగండి. ఖాళీ బొంగులూ సీసాలూ వాగులో పారేయకండి. ఫోన్ సిగ్నలు వచ్చీ రానట్టు ఉంటుంది, కాబట్టి చేతిలో నగదు ఉంచుకోండి. చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దిగేలా చూసుకోండి.

గుళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదు. తూర్పు చాళుక్యుల కాలం నాటి బిక్కవోలు గుళ్లు, సామర్లకోట కుమారారామం, ద్రాక్షారామం ఒక్క రోజులో కారులో చుట్టి రావొచ్చు.

తిరుగు సంచి

పూతరేకులు చివరి రోజే కొనండి, అట్టపెట్టెలో వేయించి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి. బెర్తు కింద పెడితే ఇంటికి పొడి చేరుతుంది. మామిడి తాండ్ర నలిగినా ఏమీ కాదు. తాపేశ్వరం మడతకాజా రాజమండ్రిలోనే దొరుకుతుంది. పాకం కారుతుంది గనక దాన్ని బట్టల మధ్య పెట్టొద్దు. కడియం మొక్కలు రైల్లో తెచ్చుకోవాలంటే చిన్న కవరు మొక్కలే తీసుకోండి, వేళ్ల మట్టి తడిపి గోనెగుడ్డ చుట్టివ్వమంటే నర్సరీవాళ్లే చుట్టిస్తారు. ఇంటికెళ్లగానే కుండీలోకి మార్చకండి, రెండు మూడు రోజులు నీడలో ఉంచి, తర్వాత నాటండి.